గొట్టం తాగిన నీళ్లు

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఒకమ్మాయి కామారెడ్డిలో మా ఇంటికి వచ్చింది. చేతిలో ఫోను, అందులో ఊళ్ల పేర్లు, పేర్ల పక్కన అంకెలు. ఇప్పుడు బోరులో నీటి మట్టాన్ని యంత్రమే కొలిచి యంత్రమే పంపుతుందట. మనిషి ఊరికి పోవాల్సిన పనే లేదట. "మీ రోజుల్లో ఎట్లా కొలిచేవారు సార్?" అంది. "ఎండలో" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

ఆమె పోయాక కూర్చుని ఇది మొదలుపెట్టాను. ప్రమోషన్లు, బదిలీలు, ఇంక్రిమెంట్ల కథ ఇందులో ఉండదు. అది విని విని మా ఇంట్లోవాళ్లకే విసుగొచ్చింది. లింగంపేట మండలంలో ఒక చిన్న పల్లెకు ఒక ఎండాకాలం తాగునీటి ట్యాంకర్ రావలసి ఉండింది. అది రాకుండా అడ్డుపడింది మేము కొలిచిన కొలతే. ఎక్కువగా ఆ సంగతే చెబుతాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నా సర్వీసులో మిగతా అన్నిటికన్నా అదే పనికొస్తుందని నా నమ్మకం.

మా పని ఏమిటంటే

వినడానికి గొప్పగానే ఉంటుంది. భూమి లోపల నీళ్లు ఎంత లోతున ఉన్నాయో నెలనెలా కొలవడం మా పని. దానికోసం కొన్ని ఊళ్లలో ప్రభుత్వం ప్రత్యేకంగా బోర్లు వేయించింది. వాటికి మోటారు ఉండదు, చేతిపంపు ఉండదు. నేల మీదికి మోకాలెత్తు ఇనుప గొట్టం, దానికొక మూత, అంతే. ఆ నీళ్లు ఎవరూ తోడరు, ఎవరూ తాగరు. బోరు వేసి నీళ్లు తీయకపోవడం ఏమిటని ప్రతి ఊళ్లోనూ అడిగేవాళ్లు. నేను శాస్త్రం చెప్పేవాణ్ని. వాళ్లు మర్యాదగా విని, మళ్లీ అదే ప్రశ్న అడిగేవాళ్లు.

కొలిచే పద్ధతి మరీ సులువు. ఇనుప టేపు చివర సుద్ద రాసి గొట్టంలోకి వదలాలి. నీళ్లలో మునిగిన మేర సుద్ద రంగు మారుతుంది. టేపు లోపలికి ఎంత పోయింది, అందులో ఎంత తడిసింది, ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేస్తే మట్టం వస్తుంది. ఈమాత్రానికి డిగ్రీ ఎందుకని మా ఆవిడ పెళ్లయిన కొత్తలోనే అడిగింది. ఇప్పటికీ అడుగుతోంది.

ఇక ఈ బోర్లు ఎక్కడెక్కడ వేశారన్నది ఇంకో తమాషా. పుస్తకం ప్రకారం రాతి పొరలు చూసి వేయాలి. మావాళ్లు రోడ్డు చూసి వేశారు. జీపు ఎక్కడిదాకా పోతే శాస్త్రం అక్కడిదాకా పోయింది. సదాశివనగర్ వైపు ఒక బోరు చెరువు కట్ట పక్కనే ఉంది. దాంట్లో ఎప్పుడు చూసినా నీళ్లే. పెద్దవాళ్లెవరు వచ్చినా అక్కడికే తీసుకుపోయి చూపించేవాళ్లం. బీబీపేటలో బడి ఆవరణలో ఒకటుండేది. పిల్లలు దాంట్లో రాళ్లు వేసి "బుడుంగ్" అని ఎప్పుడంటుందో వినేవాళ్లు. అట్లా విని విని చివరికి బోరే పూడ్చేశారు. వాళ్లు చేసిందీ నీటి మట్టం కొలవడమేనని తర్వాత నాకు తోచింది.

మంచి చోట ఉన్న బోర్లు నాకు తెలిసి కొన్నే. వాటిలో ఒకటి ఈ కథలోని పల్లెలో ఉంది. లింగంపేట నుంచి ఎల్లారెడ్డి దారిలో కొంత పోయి, పక్కకు తిరిగి, గుట్ట కిందికి నడవాలి. దాన్ని ఇక్కడ గుట్టకింది పల్లె అంటాను. జీపు పోని ఊళ్లో బోరు ఎట్లా పడిందో ఎవరికీ తెలియదు. బహుశా ఎవరి పొరపాటో అయి ఉంటుంది.

సత్తార్ సాబ్

నాకు పని నేర్పింది సత్తార్ సాబ్. మా పాత అధికారి. ఊళ్లు తిరిగి ఆఫీసుకు వస్తే, రీడింగ్ ఎంత అని అడిగేవారు కాదు. "టేప్ క్యా బోలా?" అనేవారు. టేపు ఏమందో చెప్పాలి. నేను ఏమనుకుంటున్నానో ఆయనకు అక్కర్లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బోరు ఎండిపోయి టేపు పొడిగా పైకి వస్తే నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో తప్పు చేసినవాడిలా ఆయన ముందు నిలబడ్డాను. "పొడి అని రాయవయ్యా. పొడి కూడా రీడింగే. నీ ఇజ్జత్ ఏం పోతది, బావి నీదా?" అన్నారు. ఆ మాట నాకు ఇంక్రిమెంట్ కన్నా ఎక్కువ పనికొచ్చింది. కాకపోతే నా మొహం మాత్రం ఆయన చెప్పినట్టు వినలేదు. బోరు పొడిగా ఉంటే నా మొహం వాడిపోయేది. సర్వీసు చివరిదాకా అంతే. ఈ మొహం వల్ల ఎంత పని జరిగిందో ముందుకు పోతే తెలుస్తుంది.

2009లో వానలు మొహం చాటేశాయి. ఆ ఏడే సత్తార్ సాబ్ రిటైర్ అయ్యారు. గుట్టకింది పల్లెలో టేపు వదిలితే సుద్ద తెల్లగానే పైకి వచ్చింది. ఇంకోసారి వదిలాను, అదే తెలుపు.

గొట్టానికి ఎదురుగా సాయవ్వ ఇల్లు. యాభై దాటిన మనిషి. పొద్దస్తమానం అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తుండేది. ఆ పల్లెలో దాదాపు ప్రతి ఇంట్లోనూ అదే పని. నీళ్లకు పోవాలన్నా, ఎవరితోనైనా కొట్లాడాలన్నా ఆడవాళ్లంతా ఆమె వెనకే నడిచేవాళ్లు.

"ఏమైంది సారూ, గట్ల నిలవడ్డవు?" అంది.

"తడి తగల్లేదు సాయవ్వా."

"తగలకపోతే ఏమైతది?"

"ఏం గాదు. పొడి అని రాసుకొని పోత."

"కామారెడ్డికెల్లి గీ ఎండల వడి వచ్చి, పొడి రాసుకొని పోతవా?" అని నా మొహంలోకి చాలాసేపు చూసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాను. అప్పటికి ఆ సంగతి అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

బాణాలు

సత్తార్ సాబ్ తర్వాత ప్రభాకరరావు గారు వచ్చారు. చురుకైన మనిషి, పని దొంగ కాదు. ఉన్న రోగమల్లా ఒకటే, కింది నుంచి పైకి పోయే గీత అంటే ప్రాణం. కిందికి దిగే గీతను చూస్తే ఆయనకు అన్నం సయించదు.

ఆయన వచ్చేసరికి లక్ష్యాల గాలి జోరుగా వీస్తోంది. ప్రపంచ దేశాలన్నీ ఒకచోట కూర్చుని, 2015 కల్లా ఆకలి, చదువు, రోగాలతోపాటు పర్యావరణాన్ని కూడా ఒక దారికి తేవాలని రాసుకున్నాయి. వాటికి సహస్రాబ్ది లక్ష్యాలని పేరు. అందులో ఒక్కటీ చెడ్డ మాట లేదు. అయితే అంత పైన రాసుకున్న మాట నిజమవుతోందో లేదో ఎవరో ఒకరు కొలవాలి కదా. ప్రపంచం ఢిల్లీని అడిగింది, ఢిల్లీ హైదరాబాదును, హైదరాబాదు నిజామాబాదును, నిజామాబాదు మా కామారెడ్డి ఆఫీసును అడిగింది. మా ఆఫీసు నన్ను అడిగింది. అడగడానికి నా కింద ఎవరూ లేరు కాబట్టి నేను టేపును అడిగాను.

ఊరి పేరు పక్కన బాణం గుర్తు పెట్టాలి. మట్టం పెరిగితే ఆకుపచ్చ, పడిపోతే ఎరుపు. ఊళ్లో జనం ఏ నీళ్లు తాగుతున్నారు, ఎంత దూరం నుంచి మోస్తున్నారు అన్నవాటికి మా కాగితంలో గడి లేదు. అది వేరే శాఖ. వాళ్ల కాగితంలో భూమి లోపలి నీటికి గడి లేదు. రెండు శాఖలూ కామారెడ్డిలో ఒకే కాంపౌండులో ఉండేవి. టీ మాత్రం కలిసే తాగేవాళ్లం.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఉద్యమం రోజుల్లో మేమంతా సమ్మెలో ఉన్నాం. టేపు పెట్టెలో, పెట్టె బీరువాలో, బీరువాకు తాళం. సమ్మె అయ్యాక వచ్చి చూస్తే ఆ నెలల రీడింగులు కంప్యూటరులో నిండుగా ఉన్నాయి. ముందు నెలకూ వెనక నెలకూ మధ్య గీత గీస్తే అవే వస్తాయని ప్రభాకరరావు గారు చెప్పారు. "మనం లేకపోయినా భూమి పని చేస్తూనే ఉంటుంది కదండీ" అన్నారు. అది నిజమే కాబట్టి నేను టేపు తీసుకుని పనికి పోయాను.

ఆకుపచ్చ పల్లె

ఆ తర్వాత మళ్లీ వానలు తగ్గాయి. ఎల్లారెడ్డి, లింగంపేట వైపు నా ఊళ్లన్నీ వరసగా ఎర్రబడ్డాయి. గుట్టకింది పల్లె ఒక్కటే ఆకుపచ్చగా నిలబడింది. చుట్టూ రైతుల బోర్లు దగ్గి దుమ్ము పోస్తుంటే, ఈ గొట్టంలో మాత్రం ప్రతి నెలా టేపు తడిగా వస్తోంది. నాకూ సంతోషంగానే ఉండేది. "ఈసారి మంచిగున్నది సాయవ్వా" అంటే ఆమె మొహం వెలిగిపోయేది. "మంచిగుంటె సాలు" అనేది.

ప్రభాకరరావు గారు కారణం కనిపెట్టారు. పల్లెకు ఎగువన వాగు మీద ఒక చెక్‌డ్యామ్ ఉంది. దానివల్లే నీళ్లు ఇంకుతున్నాయని రాశారు. ఆ చెక్‌డ్యామ్‌ను పక్కకు పెట్టి వాగు వేరే దారి చేసుకుని చాలా కాలమైందని, దాని నీడన మేకలు పడుకుంటున్నాయని నేను చెప్పాను. "భూమి లోపల ఏం జరుగుతోందో మనకేం తెలుసండీ?" అన్నారు. అది తెలుసుకోవడానికే మనిద్దరికీ జీతమిస్తున్నారని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

పల్లె పేరు నిజామాబాదు పోయింది, హైదరాబాదు పోయింది. పర్యావరణ లక్ష్యం దిశగా ముందడుగు వేసిన పల్లె అని మంచి కాగితం మీద అచ్చయి తిరిగొచ్చింది. ఢిల్లీ నుంచి ఒక బృందం చూడటానికి వస్తుందని కబురు కూడా వచ్చింది. సదాశివనగర్ చెరువు కట్టకు తీసుకుపోదామని మావాళ్లు చూశారు కానీ, కాగితంలో ఉన్న ఊరే చూపాలని బృందం వాళ్లు పట్టుబట్టారట.

అది 2012 ఎండాకాలం. సరిగ్గా అప్పుడే గుట్టకింది పల్లెలో తాగునీళ్ల బోరు నిలిచిపోయింది.

ఊరికి ఉన్నది ఆ ఒక్క బోరే. అది పోయాక ఆడవాళ్లు గుట్ట అవతల ఒక రైతు పొలానికి పోయి, కరెంటు వచ్చేదాకా కాచుకుని, ఆయన మోటారు వేస్తే బిందె పట్టుకుని, మళ్లీ గుట్ట ఎక్కి దిగి రావాలి. ఆ రైతు బోరు ఎప్పుడు ఆగుతుందో ఆయనకే తెలియదు. ట్యాంకర్ పంపమని తాగునీటి శాఖకు అర్జీ పెట్టుకున్నారు. వాళ్లు పద్ధతి ప్రకారం మా శాఖ అభిప్రాయం అడిగారు. ప్రభాకరరావు గారు మా కొలత చూసి, ఆ ఊళ్లో నీటి మట్టం సంతృప్తికరం అని సంతకం పెట్టారు. ట్యాంకర్ అక్కర్లేదని తేలిపోయింది.

ఒకరోజు పదిన్నరకు ఆఫీసుకు పోతే కాంపౌండులో సాయవ్వ, ఇంకొంత మంది ఆడవాళ్లు ఖాళీ బిందెలు బోర్లించి, వాటి మీద కూర్చుని ఉన్నారు. తాగునీటి ఆఫీసు వాళ్లు ఈ ఆఫీసుకు పొమ్మన్నారట.

"నీళ్లున్నయని రాసిచ్చిన్రంట గదా సారూ. యాడున్నయో జర సూపియ్యి, ముంచుకొని పోతం" అంది సాయవ్వ. ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగింది.

"గొట్టంల ఉన్నయి గదా సాయవ్వా. నెలనెలా నేనే కొలుస్తున్న."

సాయవ్వ చూపు బిందె మీదికి దింపుకుంది. మిగతా ఆడవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకేమీ అర్థం కాలేదు.

తునికాకు ముక్క

మర్నాడే టేపు తీసుకుని పోయాను. నేను పోవలసిన రోజు కాదు. మామూలుగా నెలాఖరు అంగడి రోజున, అంటే సంత నాడు, పోయేవాణ్ని, ఆ రోజు లింగంపేటకు బస్సులు ఎక్కువ. ఊళ్లో అందరికీ అది తెలుసు.

గొట్టం మూతకు తాళం ఎప్పుడో పోయింది. మూత కదలకుండా ఒక బండరాయి పెట్టేవాళ్లం. రాయి దించి టేపు వదిలాను. కిందటి నెలకన్నా మట్టం బాగా పడిపోయి ఉంది. టేపు పైకి లాగితే చివర కొంచెం తడి తగిలింది, సుద్ద గోధుమరంగు తేలింది. దానికి ఏదో అంటుకుని ఉంది. వేలితో తీసి చూశాను. ఆకు ముక్క. కత్తెరతో నున్నగా కత్తిరించిన తునికాకు ముక్క.

బీడీలు చేసేవాళ్లు తునికాకును ముందు నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక కొలతకు కత్తిరిస్తారు. ఇంటింటా జరిగే పని. కానీ నల్లరాతి కింద, అంత లోతున, భూగర్భ జలం బీడీలు చేయదు కదా. ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని ఎదురుగా అరుగు దగ్గరికి పోయాను.

"ఏంది సాయవ్వా ఇది?"

చూసింది. చాట పక్కన పెట్టింది. "ఆకు గిట్ల వస్తదని అనుకోలే సారూ. పాత చీర అడ్డం పెట్టి వడగట్టి పోయిమని చెప్పిన. మా కోడలు ఇన్నదా?"

"నీళ్లు పోసిన్రా దీంట్ల?"

"పోసినం."

"ఎందుకు?"

"తడి తగల్లేదని నీ మొఖం ఎట్లుండె ఆనాడు? సచ్చినోళ్లింటికి వచ్చినట్టుండె. ఎండల వడి అంత దూరం వస్తవు, ఉత్తగ ఎట్ల పంపాలె? అంగడి ముందు రోజు ఇంటికో బిందె అనుకున్నం. మంచినీళ్లు కాదులే, ఆకు నానేసిన నీళ్లు. బర్రెలు సుత తాగవు, పారబోసుడే గదా. నువ్వు మంచిగున్నదని సంబురపడి పోతుంటివి. మాక్కూడ మంచిగనిపిస్తుండె."

నేను అరుగు మీద కూలబడ్డాను. ఆ బోరు అడుగున గట్టి రాయి, పగుళ్లు తక్కువ. పోసిన నీళ్లు వెంటనే ఇంకిపోకుండా రోజుల తరబడి అట్లాగే నిలబడతాయి. గొట్టం సన్నం, కొన్ని బిందెలకే మట్టం ఎంతో పైకి లేస్తుంది. పల్లెకు నేను ఊరక వచ్చిన చుట్టాన్ని, చుట్టాన్ని ఒట్టి చేతులతో పంపకూడదు. ఢిల్లీదాకా పోయిన ఆకుపచ్చ బాణం వెనకున్న శాస్త్రమంతా ఇంతే.

కోపం రావాలి. రాలేదు. నా కోసం ఎవరైనా అంత చేశారని నాకు నా ఇంట్లో కూడా ఎప్పుడూ అనిపించలేదు.

"ఇగ పోయకుండ్రి సాయవ్వా. మీరు పోసిన నీళ్లు చూసే మీకు ట్యాంకర్ వద్దన్నరు."

ఆమె ముందు నమ్మలేదు. అర్థమయ్యాక తల పట్టుకుంది. "ఓ దేవుడా, మా నోట్ల మేమే మన్ను కొట్టుకుంటిమా" అంది. ఆ తర్వాత కాసేపటికి, "అయితే నీకు మల్ల పొడే తగుల్తది గద సారూ" అంది. ఆ స్థితిలో కూడా నా రీడింగు గురించే ఆమె బాధ.

గొట్టానికి ట్యాంకర్

ప్రభాకరరావు గారికి ఆకు ముక్క చూపించి అంతా చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెత్తబుట్టలో వేశారు.

"నీళ్లు ఎవరు పోశారన్నది మన పరిధి కాదండీ. మట్టం ఎంతన్నదే మన పరిధి."

"ఊరికి తాగడానికి నీళ్లు లేవు సార్."

"అది పక్క ఆఫీసు." ఆపైన కాస్త మెత్తబడ్డారు. "ఇన్నేళ్లుగా కొలుస్తున్నారు. ఒక్కనాడైనా ఢిల్లీ మిమ్మల్ని పట్టించుకుందా? ఇప్పుడు పట్టించుకుంటోంది. బీడీ ఆకు పేరు చెప్పి చెడగొట్టకండి. వాళ్లు చూసి పోనీయండి, తర్వాత చూద్దాం."

బృందం వచ్చే ముందు రోజు నన్ను పిలిచి, పొద్దున్నే పల్లెకు పోయి ఉండమన్నారు. ఒక ట్యాంకర్ వస్తుందనీ, దగ్గరుండి గొట్టంలో పోయించమనీ చెప్పారు.

"ఆ ఊరికి ట్యాంకర్ వీల్లేదన్నారు కదా సార్."

"ఇది ఊరికి కాదు. గొట్టానికి" అన్నారు. ఆయన నవ్వుతున్నారేమోనని చూశాను. లేదు.

జీపు పోలేని బండిబాటలో కిందామీదా పడి, ట్రాక్టరుకు కట్టిన ట్యాంకర్ ఆలస్యంగా వచ్చింది. గుట్ట మలుపు దగ్గర దాని చప్పుడు వినగానే ఊళ్లో ఆడవాళ్లంతా బిందెలతో వచ్చి వరసగా నిలబడ్డారు. ఎవరూ తోసుకోలేదు. సాయవ్వ నా దగ్గరికి వచ్చింది.

"పంపిన్రా సారూ, ఎట్లనన్న?"

ఆ మనిషి మొహంలో సంతోషం చూసి నాకు అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "మీకు కాదు సాయవ్వా. గొట్టంల పోయమన్నరు. ఢిల్లీవాళ్లు వస్తున్నరు."

ఆమె గొట్టాన్ని చూసింది, ట్యాంకర్‌ను చూసింది. "గొట్టానికి దూపయితదా సారూ?" అంది. దూప అంటే మా వైపు దాహం.

డ్రైవరు పైపు చేతపట్టుకుని ఎక్కడ పోయాలని అడుగుతున్నాడు. నేను నడుచుకుంటూ పోయి గొట్టం మూత మీద రాయి సరిగ్గా ఉందో లేదో చూసి, ఆ రాయి మీద కూర్చున్నాను. మోకాలెత్తు గొట్టం, కూర్చోవడానికి బాగానే ఉంది. ఇన్నేళ్లలో దాంతో ఆ ఉపయోగం ఉందని నాకు తట్టలేదు. డ్రైవరు నన్నూ, బిందెల వరసనూ మార్చి మార్చి చూసి, తెలివైనవాడు, పైపును మొదటి బిందెలో పెట్టాడు.

ట్యాంకర్ ఇంకా సగమైనా కాకముందే ప్రభాకరరావు గారు బృందంతో నడిచి వచ్చారు. గొట్టం మీద నేను, పక్కన ట్యాంకర్, బిందెల వరస. ఆయన మొహంలో రంగులు మారాయి. అయినా తేరుకుని, ఇది ప్రజల భాగస్వామ్యమని బృందానికి ఇంగ్లీషులో చెప్పారు. బృందానికి పెద్ద ఒక నడివయసు మేడం. ఆమె తలూపి, కొలత చూపించమంది.

లేచాను. రాయి దించి, సుద్ద రాసి, టేపు వదిలాను. అడుగుదాకా పోయింది. లాగాను. సుద్ద పాలలా తెల్లగా ఉంది. నా మొహం మామూలుగా వాడిపోయిందే అనుకుంటాను, ఎందుకంటే సాయవ్వ అయ్యో అన్నట్టు చూసింది.

కిందటి నెల ఇందులో అన్ని నీళ్లున్నాయి కదా, ఏమయ్యాయని మేడం అడిగింది. ప్రభాకరరావు గారు పరికరంలో ఏదో లోపమన్నారు. సుద్దముక్కలో లోపం ఎట్లా ఉంటుందో ఆయనే చెప్పాలి. అప్పుడు సాయవ్వ ముందుకొచ్చింది. బీడీ కార్ఖానాలో లెక్కలు చూసే మున్షీతో ఏళ్ల తరబడి కొట్లాడి నేర్చుకున్న హిందీ ఆమెది.

"ఇస్ బార్ హమ్ పానీ నై డాలే మేడం" అంది. ఈసారి మేము నీళ్లు పోయలేదని.

మేడం విన్నది సరిగ్గా విన్నానా అన్నట్టు నా వైపు చూసింది. నేను తలూపాను. సాయవ్వ తన నిండు బిందెను గొట్టం మీదికి వంచినట్టు చేసి చూపించింది. ఒక్క చుక్క జారనీయలేదు.

"తో ఆప్ లోగ్ క్యా పీతే హై?" మీరు ఏం తాగుతారని మేడం అడిగింది.

సాయవ్వ ట్యాంకర్ వైపు చెయ్యి చూపించింది. "యే గొట్టం కా పానీ. ఆజ్ హమ్ లే లియే." ఇవి గొట్టం నీళ్లు, ఇవాళ మేము తీసుకున్నాం అని.

మేడం రాసుకుంటున్న పుస్తకం మూసేసింది. తన సంచిలో నీళ్ల సీసా ఉంది కానీ, ఎండకు నోరెండినా దాన్ని బయటికి తీయలేదు. వచ్చిన దారినే అందరూ గుట్ట ఎక్కి వెళ్లిపోయారు.

తర్వాత

నా మీద చర్య ఉంటుందని మా ఆఫీసులో అందరూ అనుకున్నారు. ఏమీ జరగలేదు. గొట్టం మీద కూర్చున్నందుకు ఏ నిబంధన కింద మెమో ఇవ్వాలో ఎవరికీ దొరకలేదు.

ప్రభాకరరావు గారు చెడ్డ మనిషని మీరు అనుకోవద్దు. మర్నాడు ఆయనే పక్క ఆఫీసుకు నడిచి పోయారు. గుట్టకింది పల్లె ఇప్పుడు ఎరుపు, వెంటనే ఏదైనా చేయాలి అన్నారు. ఎర్రబాణం పడ్డ ఊరంటే నిధులుంటాయి. అదే వారంలో ట్యాంకర్ మొదలైంది. ఆ తర్వాత గుట్ట అవతలి రైతు బోరునే అద్దెకు తీసుకుని, పల్లెదాకా పైపు వేసి నల్లా పెట్టారు. మరుసటి రిపోర్టులో ఆకుపచ్చ నుంచి ఎరుపుకు దిగిన పల్లెగా దాని పేరు వచ్చింది. పర్యావరణ లక్ష్యంలో ఒక ఊరు వెనకబడిందని ప్రభాకరరావు గారు నిజంగానే బాధపడ్డారు. ఆ ఊళ్లో ఆ ఏడు మంచినీళ్లు తాగారన్నది ఎక్కడా రాలేదు, అది మా పరిధి కాదు కదా.

కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. మీ యంత్రాలు మంచివే, వాటికి మొహం ఉండదు కాబట్టి ఎవరూ జాలిపడి నీళ్లు పోయరు. అయినా అప్పుడప్పుడు ఊరికి పోండి. బోరు చూసే ముందు బిందెలు చూడండి. టేపు ఏమందో అదే రాయండి, రాసింది చూసి పైవాళ్లు ఏమనుకుంటారో అది వాళ్ల తిప్పలు. ఇంతకన్నా నాకు తెలిస్తే మీకు చెప్పనా?

2014లో కొత్త రాష్ట్రం వచ్చింది. లెక్కలన్నీ మొదటి నుంచి మొదలయ్యాయి, పాత బాణాలు పాత రాష్ట్రంతో పోయాయి. ఆ ఏడు కూడా వానలు సరిగా లేవు. రిటైర్ అయ్యే ముందు చివరిసారి గుట్టకింది పల్లెకు పోయాను. రాయి దించి, సుద్ద రాసి, టేపు వదిలి లాగాను.

"తడి తగిలిందా సారూ?" సాయవ్వ అరుగు మీది నుంచే అడిగింది.

"లేదు."

"ఏమని రాసుకున్నవు?"

"పొడి అని."

లేచి నల్లా దగ్గరికి పోయి చెంబు నింపుకొచ్చింది. "మునుపయితె గీ గొట్టంల పోస్తుంటిమి. యాడికి పోయెనో ఏమో. నువ్వు తాగు, నా కండ్లకన్న కనవడ్తది."

తాగాను. చల్లగా ఉన్నాయి. చెంబు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడి చూసింది.

"నల్లా వచ్చిందని, గీ నీళ్లు తాగినవని రాసుకుంటరా సారూ యాడనన్న?"

"లేదు సాయవ్వా. దీనికి మా కాగితంల గడి లేదు."

"గడి లేదా" అని నా చేతిలోని చెంబు తీసుకుంది. "అయితే ఇంకింత తాగు" అని మళ్లీ చెంబు నింపుకు రావడానికి పోయింది.